ఎవరికి ఏ పాయింట్ అండ్ క్లిక్ గేమ్ చెప్పాలి

సికింద్రాబాద్ పార్క్ లేన్‌లో నాది లాప్‌టాప్ రిపేర్ షాపు. పాత హార్డ్ డిస్క్ తీయించి ఎస్‌ఎస్‌డీ వేయించుకున్నవాళ్ళు డబ్బులిచ్చి వెళ్తూ వెళ్తూ ఒక మాట అడుగుతారు: "అన్నా, దీంట్ల ఏమన్నా గేమ్ నడుస్తదా?" నాలుగు జీబీ ర్యామ్ ఉండి, విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని మెషిన్‌లో పెద్ద కంపెనీల ఆటలు నడవవు. ఇద్దరు ముగ్గురు కలిసి సొంతంగా చేసే (వీటినే ఇండీ అంటారు), పాతకాలపు పిక్సెల్ బొమ్మలు, అంటే చిన్న చిన్న చదరాలతో చేసిన బొమ్మలు ఉండే పాయింట్ అండ్ క్లిక్ ఆటలు మాత్రం చాలావరకు హాయిగా నడుస్తాయి. నా సలహాలు అలా మొదలయ్యాయి. దీంట్లో రూపాయి రాదు. ఆట పూర్తిచేసినవాళ్ళు మళ్ళీ వచ్చి, కౌంటర్ మీద మోచేతులు ఆనించి క్లైమాక్స్ మొత్తం చెప్పి పోతారు. వెనక నిలబడ్డవాళ్ళు విసుక్కుంటారు.

ఈ ఆటలు ఎప్పుడూ ఆడనివాళ్ళ కోసం రెండు ముక్కలు. తెర మీద ఒక గది, ఒక వీధి, ఒక రైలు పెట్టె ఉంటుంది. వస్తువు మీద క్లిక్ చేస్తే మన పాత్ర దాని దగ్గరికి వెళ్ళి చూస్తుంది, లేదా తీసి జేబులో వేసుకుంటుంది. మనిషి మీద క్లిక్ చేస్తే మాట్లాడుతుంది. దొరికిన వస్తువుల్ని, విన్న మాటల్ని కలుపుకుంటూ చిక్కుముడులు విప్పుతూ పోతే కథ ముందుకు నడుస్తుంది. చేతివేగంతో పెద్దగా పనిలేదు. మధ్యలో లేచి చాయ్ పెట్టుకుని వచ్చినా ఏమీ కాదు.

మొదట పిక్సెల్ మాట ఎత్తకండి

ఇంగ్లీషులో ఈ ఆటల గురించి రాసేవాళ్ళు దాదాపు అందరూ ఒకే మాటతో మొదలుపెడతారు: చిన్ననాటి రోజులు గుర్తొస్తాయని. వాళ్ళకు వస్తాయి. 1987 నాటి మేనియాక్ మాన్షన్, 1990 నాటి మంకీ ఐలాండ్ వాళ్ళు ఇళ్ళలో ఆడుకుని పెరిగారు. మన దగ్గర ఆ తరం కంప్యూటర్‌ను చూసిందే స్కూల్ ల్యాబులోనో, అమీర్‌పేట ఇన్‌స్టిట్యూట్‌లోనో. సార్ బయటికి వెళ్ళగానే తెరిచింది డేవ్, ప్రిన్స్ ఆఫ్ పర్షియా. కాబట్టి "అచ్చం తొంభైల నాటి ఆటలా ఉంటుంది" అని మనవాళ్ళకు చెబితే అది పొగడ్తలా వినపడదు, పాత సరుకు అంటగడుతున్నట్టు వినపడుతుంది. మా షాపుకు వచ్చే ఇంజినీరింగ్ కుర్రాడొకడు స్క్రీన్‌షాట్ చూసి అన్నమాట ఇది: "ఏందన్నా, బొమ్మలన్నీ డబ్బాలు డబ్బాలు ఉన్నయ్?"

అందుకే నేను బొమ్మ చూపించను, కథ చెబుతాను. అదీ రెండు వాక్యాల్లో. "1995. జర్నలిజం చదివే అమ్మాయి, మోటార్ సైకిల్ వేసుకుని, తాత అంత్యక్రియల కోసం ఏళ్ళ తర్వాత సొంతూరికి వెళ్తుంది. చాలా ఏళ్ళ కింద ఒక రాత్రి తాతకు ఏదో జరిగింది, అప్పట్నుంచి ఆయన మాటా పలుకూ లేకుండా ఉండిపోయాడు." ఇంతే చెప్పి ఆపుతాను. "ఏం జరిగింది మరి?" అని అడిగినవాళ్ళకే ఆ ఆట పేరు చెబుతాను. అది క్యాథీ రెయిన్. స్వీడన్‌కు చెందిన క్లిఫ్‌టాప్ గేమ్స్ 2016లో తెచ్చింది. 2021లో వచ్చిన డైరెక్టర్స్ కట్‌లో కథ ముగింపును పెంచి దిద్దారు కాబట్టి అదే తీసుకోమంటాను. కథ నచ్చినవాళ్ళకు పావుగంట తర్వాత బొమ్మలో చదరాలు కనపడటం మానేస్తాయి.

కాకపోతే క్యాథీకి నోటిదురుసు, సిగరెట్లు ఉన్నాయి. కథలో పెద్దవాళ్ళ విషయాలున్నాయి. ఆరో క్లాసు పిల్లలకు ఇచ్చేది కాదు.

మనిషిని బట్టి

ఎవరైనా ఆట అడిగితే నేను తిరిగి ప్రశ్నలేస్తాను. ఏం చదువుతారు, ఏం చూస్తారు? ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ ఎంత వేగంగా చదవగలరు? ఒక్కసారి కూర్చుంటే ఎంతసేపు కూర్చుంటారు? అన్నిటికంటే పనికొచ్చే ప్రశ్న, సుడోకు మధ్యలో ఆగిపోతే పేపరు పక్కన పడేస్తారా, మర్నాడు జవాబు చూస్తారా, లేక తేలేదాకా వదలరా? దీనికి వచ్చిన జవాబును బట్టే సగం ఆటలు జాబితాలోంచి పోతాయి.

తెలుగులో ఆడగలిగే ఆట ఈ రకంలో నాకు తెలిసి చేతికందేలా ఏదీ లేదు. ఇంగ్లీషు తప్పదు. ఆ ఇబ్బంది ఉన్నవాళ్ళకు, పిల్లలకు, పెద్దవయసు అమ్మలకు నేను ఇచ్చేది ఒకటే, మెషినేరియం. చెక్ దేశానికి చెందిన అమానిటా డిజైన్ 2009లో చేసింది. ఇది పిక్సెల్ బొమ్మ కాదు, చేత్తో గీసిన తుప్పు పట్టిన నగరం. మాటలే ఉండవు. పాత్రలు ఏమనుకుంటున్నాయో తల మీద మబ్బులో బొమ్మగా కనిపిస్తుంది. ఊరి బయట చెత్తలో పారేసిన చిన్న రోబో తిరిగి ఊళ్ళోకి రావాలి, అంతే కథ. చిక్కుముడులు మాత్రం చిన్నపిల్లలవి కావు. తోచకపోతే ఆటలోనే ఒక సూచన దొరుకుతుంది. అదీ చాలకపోతే ఒక పుస్తకం ఉంది, చిన్న ఆట ఒకటి గెలిస్తే తెరుచుకుని మొత్తం దారి చూపిస్తుంది. ఫోన్‌లో కూడా దొరుకుతుంది. మా అమ్మాయి, వాళ్ళ నానమ్మ కలిసి దీన్ని టాబ్లెట్ మీద ఆడారు. పొడుగాటి పైపుల పజిల్ దగ్గర ఇద్దరికీ మాటలు లేవు కాసేపు.

డిటెక్టివ్ నవలలు అద్దెకు తెచ్చుకుని చదివిన తరం మా షాపుకు చాలామందే వస్తారు. మల్కాజిగిరి నుంచి వచ్చే రిటైర్డ్ లెక్కల మాస్టారు ఒకాయన ఉన్నారు. ఆయనకు క్యాథీ రెయిన్ కంటే ద కేస్ ఆఫ్ ద గోల్డెన్ ఐడల్ సరిపోయింది. లాత్వియా అన్నదమ్ములిద్దరి పని, 2022లో వచ్చింది. పద్దెనిమిదో శతాబ్దంలో వరుసగా పన్నెండు చావులు. ప్రతి చావూ ఆ క్షణంలో ఆగిపోయిన దృశ్యంలా తెర మీద ఉంటుంది. జేబులు వెతకాలి, ఉత్తరాలు చదవాలి, పేర్లు, పనులు ఏరుకుని ఖాళీలు పూరించాలి: ఎవరు, ఎవర్ని, దేనితో, ఎందుకు. తెర మీద అటూ ఇటూ నడిపించే శ్రమే లేదు. ఊహించి కొడితే తగలదు, తర్కం పట్టాల్సిందే. ముఖాలు వికారంగా గీశారు, అది కావాలనే చేశారు. మాస్టారు తెల్లకాగితం మీద వంశవృక్షం వేసుకుని మరీ ఆడారు.

ఊళ్ళలో గుప్తనిధుల తవ్వకాల వార్తలు చదివి "అక్కడ తవ్వకూడదురా" అనుకునే మనుషులు మనం. మన కోసమే చేసినట్టుంటుంది ద ఎక్స్‌కవేషన్ ఆఫ్ హాబ్స్ బారో. క్లోక్ అండ్ డాగర్ గేమ్స్ చేయగా 2022లో వాజెట్ ఐ గేమ్స్ విడుదల చేసింది. విక్టోరియా రాణి కాలం, ఇంగ్లండ్‌లో బ్యూలే అనే పల్లె. పాత సమాధి దిబ్బల్ని తవ్వి పరిశోధించే థొమాసినా బేట్‌మన్‌కు ఒక ఉత్తరం వస్తుంది, వచ్చి ఇక్కడ తవ్వమని. తీరా వెళ్తే రమ్మన్న మనిషి కనపడడు. ఊళ్ళోవాళ్ళు ఆ దిబ్బ పేరెత్తితే మాట మార్చేస్తారు. ఇందులో దయ్యం మీద పడి భయపెట్టడం తక్కువ. మధ్యమధ్యలో హఠాత్తుగా ఒక ముఖం తెర నిండా దగ్గరగా వస్తుంది, ఆ పిక్సెళ్ళలోనే. భయమంతా అక్కడుంది. పల్లెటూరి ఇంగ్లీషు యాస కాబట్టి సబ్‌టైటిల్స్ ఆన్ చేసి పెట్టాలి. చివర చీకటిగా ఉంటుంది, ముందే చెప్పి ఇవ్వండి.

యాక్షన్ సినిమాలు, పెద్ద ఆర్‌పీజీ ఆటలు (ఒక పాత్రను ఎంచుకుని పెంచుకుంటూ పోయేవి) అలవాటైన కుర్రాళ్ళకు అన్‌అవౌడ్ ఇస్తాను. వాజెట్ ఐ గేమ్స్ పెట్టిన డేవ్ గిల్బర్ట్ 2018లో చేసిన ఆట. మొదట్లోనే మీరు పోలీసా, నటులా, బార్ నడిపేవారా అన్నది ఎంచుకోవాలి. న్యూయార్క్‌లో దయ్యాలు, మంత్రాల లోకాన్ని కాపలా కాసే ఒక ముఠాలో చేరతారు. ప్రతి పనికీ నలుగురిలో ఇద్దరిని వెంట తీసుకెళ్ళాలి. ఎవర్ని తీసుకెళ్ళారన్న దాన్ని బట్టి చిక్కు విప్పే దారి మారుతుంది. వాళ్ళలో మందానా అనే పాత్ర సగం జిన్ను. పాతబస్తీలో జిన్నుల కథలు వింటూ పెరిగినవాళ్ళకు ఆమె వెంటనే నచ్చేస్తుంది. నా దగ్గర పనిచేసే కుర్రాడు ప్రతిసారీ ఆమెనే తీసుకెళ్ళాడు, మిగతావాళ్ళ కథలు సగం చూడనే లేదు.

అరగంటకు మించి కూర్చోలేనివాళ్ళకు, నవ్వుకోవాలనుకునేవాళ్ళకు ద డార్క్‌సైడ్ డిటెక్టివ్. ఐర్లండ్ టీమ్ స్పూకీ డోర్‌వే 2017లో తెచ్చింది. విడివిడి కేసులు, ఒక్కో కేసు ఒక్కో కూర్చోవడంలో అయిపోతుంది. ఇందులో పిక్సెళ్ళు ఎంత పెద్దవంటే ముఖాల్లో కళ్ళూ ముక్కూ వెతుక్కోవాలి. డిటెక్టివ్ మెక్వీన్, అతని తోటి పోలీసు డూలీల మాటల కోసం ఆడతాం. జోకులు అర్థం కావాలంటే ఇంగ్లీషు కాస్త గట్టిగానే ఉండాలి.

సైన్స్ ఫిక్షన్ అడిగితే వార్మ్‌వుడ్ స్టూడియోస్ 2012లో చేసిన ప్రైమార్డియా. మనుషులు లేని లోకం, ఎడారిలో కూలిన ఓడలో బతికే రోబో, దాని కరెంటు మూలాన్ని ఇంకో రోబో వచ్చి ఎత్తుకుపోతుంది. పరుగెత్తే కథ కావాలంటే 2025లో వచ్చిన ద డ్రిఫ్టర్, మెల్‌బోర్న్‌కు చెందిన పవర్‌హూఫ్ వాళ్ళది. ఊరికి దొంగచాటుగా రైలెక్కిన మిక్ కార్టర్ చనిపోతాడు, చనిపోయే ముందు క్షణాల్లోకి తిరిగొస్తాడు. మామూలుగా ఈ రకం ఆటలు నత్తనడక నడుస్తాయి. ఇది నడవదు. కాస్త హింస ఉంది.

థింబుల్‌వీడ్ పార్క్ గురించి నా మాట కొంచెం వేరు. మేనియాక్ మాన్షన్ చేసిన రాన్ గిల్బర్ట్, గ్యారీ విన్నిక్ 2014లో కిక్‌స్టార్టర్ అనే సైట్‌లో జనం దగ్గర 6 లక్షల డాలర్లకు పైగా పోగుచేసి 2017లో విడుదల చేసిన ఆట. అందరి జాబితాల్లోనూ ఇదే మొదట ఉంటుంది. ఆట గొప్పదే. ఐదుగురు పాత్రలు, తెర కింద తొమ్మిది క్రియల పట్టిక, నది ఒడ్డున శవం, మాటమాటకీ బీప్ పడే నోటి దూల విదూషకుడు. అయినా మొదటి ఆటగా నేను చెప్పను. ఇందులో సగం సరదా పాత ఆటల మీద వేసిన చురకల్లో ఉంది. ఆ పాతవి ఎరగనివాళ్ళకు చురక తగలదు. రెండో ఆటగానో మూడో ఆటగానో ఇవ్వండి, అదీ క్యాజువల్ మోడ్‌లో. ఆ మోడ్‌లో కష్టమైన చిక్కులు తీసేస్తారు. ఆటలోని ఫోన్ నుంచి డయల్ చేసి సూచనలు కూడా అడగొచ్చు.

కొత్తవాళ్ళకు అసలే ఇవ్వనివి రెండున్నాయి. 2022 నాటి నార్కో. అమెరికాలో లూసియానా రాష్ట్రం, చమురు శుద్ధి కర్మాగారం నీడలో ఉన్న ఊరు, తల్లి పోయాక ఇంటికొచ్చిన కూతురు. పటాన్‌చెరు, బొల్లారం వైపు పెరిగినవాళ్ళకు ఆ గాలి వాసన తెలుసు. ఆ ఊరి మీద కోపం, మమకారం కలిసి ఉండటం కూడా తెలుసు. నాకు ఈ మొత్తంలో అన్నిటికంటే ఇష్టమైనది ఇదే. కానీ ఇంగ్లీషు కవిత్వంలా చిక్కగా ఉంటుంది, నవలలు చదివే అలవాటుంటేనే చెప్పండి. రెండోది ద క్రిమ్సన్ డైమండ్. కెనడా చిత్రకారిణి జూలియా మినమాటా చేసిన ఈ ఆట 2024లో వచ్చింది. పదహారే రంగులు. పని చేయించాలంటే క్లిక్ కాదు, ఇంగ్లీషులో టైప్ చేయాలి. 1914 నాటి మిస్టరీ కథ చక్కగా అల్లారు. ఏ మాట కొడితే ఆటకు అర్థమవుతుందో తెలియక కొత్తవాళ్ళు కీబోర్డు మీద కోపం చూపిస్తారు. ఆ కీబోర్డు మళ్ళీ నా దగ్గరికే వస్తుంది.

కొనేముందు, పెట్టాక

డబ్బు పెట్టే ముందు ఈ రకం ఆట పడుతుందో లేదో చూసుకోవాలంటే బెనీత్ ఎ స్టీల్ స్కై దించుకోండి. 1994 నాటిది, ఇండీ కాదు, 2003లో దాన్ని ఉచితంగా ఇచ్చేశారు. గాగ్ (GOG) అనే ఆటల సైట్‌లో ఖాతా తెరిస్తే పైసా ఖర్చు లేకుండా వస్తుంది. కొత్త ఆటల్లో కూడా చాలావాటికి డెమో ఉంటుంది, స్టోర్ పేజీలో వెతకండి.

కొనడానికి స్టీమ్ అనే ఆన్‌లైన్ ఆటల స్టోర్ సులువు. ధర రూపాయల్లో చూపిస్తుంది, యూపీఐతో కట్టొచ్చు. కొన్న 14 రోజుల్లోపు, ఆడింది రెండు గంటలు దాటకముందు అడిగితే డబ్బు వెనక్కి ఇస్తారు. కథ పట్టుకుందా లేదా అన్నది తేలడానికి ఆ సమయం చాలు. సీజన్ సేల్‌లో ఈ ఆటల ధరలు బాగా పడిపోతాయి. విష్ లిస్ట్‌లో పెట్టుకుంటే మెయిల్ వస్తుంది, తొందరపడి కొనకండి. ఇంట్లో నెట్ వచ్చీపోయీ ఉండేవాళ్ళకు గాగ్ మేలు. ఇన్‌స్టాలర్ ఫైల్ దించి పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుంటే తర్వాత నెట్‌తో పనిలేదు.

బొమ్మ మసగ్గా ఉందనో, వంకరగా ఉందనో నా దగ్గరికి వచ్చేవాళ్ళకు చెప్పేది ఇది. ప్రైమార్డియా లాంటి ఆటల అసలు బొమ్మ 320×200, అంటే 64,000 చుక్కలు. మీ లాప్‌టాప్ తెర 1366×768 అయితే పది లక్షలకు పైగా చుక్కలు. 200ని 768కి సాగదీస్తే 3.84 రెట్లు. సగం చుక్కను ఎక్కడా పెట్టలేం కదా, కొన్ని పిక్సెళ్ళు మూడు చుక్కల వెడల్పు, కొన్ని నాలుగు చుక్కల వెడల్పు అవుతాయి. పాత్ర నడుస్తుంటే కాళ్ళు వణికినట్టు కనిపించేది అందుకే. ఈ ఆటల్లో కొన్నిటిని అడ్వెంచర్ గేమ్ స్టూడియో అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో చేశారు. అలాంటి ఆట ఉన్న ఫోల్డర్‌లో విన్‌సెటప్ అనే ఫైల్ ఉంటుంది. తెరిచి, సాగదీయడం బదులు పూర్ణసంఖ్య రెట్లు ఉండే స్కేలింగ్ ఎంచుకోండి. 768 తెర మీద మూడు రెట్లు, 960×600 వస్తుంది. ఫుల్ హెచ్‌డీ తెర మీద ఐదు రెట్లు, 1600×1000. చుట్టూ నల్ల అంచు మిగులుతుంది, గది లైటు ఆర్పితే అది కళ్ళకు తగలదు. బొమ్మను మెత్తగా చేసే ఫిల్టర్ ఉంటే తీసేయండి.

మొదటి అరగంట పక్కన కూర్చోండి

ఆట పేరు వాట్సాప్ చేసి వదిలేస్తే పదిమందిలో ఏ ఒక్కరో ముందుకు పోతారు. ఇంట్లోవాళ్ళయితే పక్కన కూర్చోండి, మౌస్ మాత్రం ముట్టుకోకండి. ఎడమ క్లిక్ చేస్తే పని, కుడి క్లిక్ చేస్తే పరీక్షగా చూడటం. చాలా ఆటల్లో ఇదే పద్ధతి, అది చూపిస్తే చాలు. మాటల పట్టికలో ఉన్న ప్రతి విషయం అడిగేదాకా ఎవర్నీ వదలొద్దని చెప్పండి. జేబులోని వస్తువుల్ని కూడా పరీక్షగా చూడాలని చెప్పండి, ఉత్తరంలో వెనకవైపు రాసిన నంబరు అక్కడే దొరుకుతుంది. వస్తువులన్నీ అన్నిటితో వరసగా కలిపి చూడటం మొదలుపెట్టారంటే విసుగొచ్చినట్టు. అక్కడ ఆట ఆపి లేవమనండి. తలస్నానం చేస్తున్నప్పుడో, ఉప్పల్ నుంచి రాయదుర్గం మెట్రోలో నిలబడ్డప్పుడో జవాబు తడుతుంది, నిజంగా.

పాత ఆటల్లో ఒక దుర్మార్గం ఉండేది: మొదట్లో ఒక వస్తువు తీసుకోవడం మరిచిపోతే, గంటల తర్వాత దారి మూసుకుపోయేది, మళ్ళీ మొదట్నుంచి ఆడాలి. రాన్ గిల్బర్ట్ 1989లోనే దీని మీద ఒక వ్యాసం రాసి ఉతికి ఆరేశాడు. ఈ రోజుల్లో చేసేవాళ్ళు చాలావరకు ఆ పని చేయరు. కాబట్టి దారి దొరకలేదంటే ఆట చెడిపోలేదు, ఏదో చూడలేదు, అంతే. కొత్తవాళ్ళకు ఈ ఒక్క భరోసా ఇస్తే సగం టెన్షన్ పోతుంది. సేవ్ మాత్రం చేస్తూ ఉండమనండి, కరెంటు పోవడానికి ఆట రూల్స్ తెలియవు.

ఇరుక్కుంటే యూట్యూబ్ వాక్‌త్రూ (ఆట మొత్తం ఆడి చూపించే వీడియో) తెరవొద్దు. ఒక్క జవాబు కోసం వెళ్తే తర్వాతి మూడు చిక్కులూ కళ్ళబడతాయి. యూనివర్సల్ హింట్ సిస్టమ్ అని ఒకటుంది, 1988లో ప్రోగ్రామ్‌గా మొదలై తర్వాత సైట్ అయింది. అందులో ముందు చిన్న సూచన, ఇంకా కావాలంటే ఇంకొంచెం, చివరకు జవాబు. అన్ని కొత్త ఆటలూ అక్కడ దొరకవు. దొరకనివాటికి, ఆడిన మనిషినొకర్ని పట్టుకోండి. మా షాపు మధ్యాహ్నం భోజనాలప్పుడు ఖాళీగానే ఉంటుంది. వచ్చి అడిగితే సూచన ఇస్తాను, జవాబు చెప్పను.